ట్రాక్టర్ పాటతో పోయిన మీ అమ్మ పాట

వినీతా,

గంజి పొయ్యి మీద ఉంది, చల్లారకముందే తాగు. ఫోన్ ఇంట్లోనే పెట్టి బాసగూడ సంతకు పోతున్నా.

నాట్లేస్తూ మీ అమ్మ పాడిన వీడియోకు శబ్దం ఎందుకు పోయిందో దుకాణం సతీష్ చెప్పిండు. "కాకా, వెనక ట్రాక్టర్ల సినిమా పాట మోగింది గదా, అది కంపెనీదట. దొంగ పాట అని నెట్‌వాళ్లు శబ్దం మొత్తం తీసేసిండ్రు."

వాళ్ల పాట వాళ్లు తీసుకోనీ. మీ అమ్మ ఎవరి పాట దొంగిలించింది? పోయినామె గొంతు మనకు మిగిలింది అదొక్కటే. "పాడింది మా అమ్మ" అని ఆ నెట్‌వాళ్లకు అర్జీ పెట్టు. ఫోన్‌లో అది హిందీలనే అడుగుతది, హిందీ నాకు రాయరాదు.

నెట్‌లో పెట్టి ఫోన్‌లో తుడిచేసినవని పొద్దున తిట్టిన. ఫోన్‌లో జాగా లేకనే చేసినవు, మనసులో పెట్టుకోకు.

నాయిన

ఆ వీడియో మాత్రం తీసెయ్యకు. చివర్లో నన్ను చూసి "ఏందయ్యా, నారు అందియ్యవా" అంటది. వినపడకున్నా, పెదాలు చూస్తే నాకు తెలుస్తది.