నీ కంటి ఫోటో చూశాక

నాన్నా,

కంట్లో వేసిన చుక్కల మందు దిగేదాకా నీకు దగ్గరి అక్షరాలు ఆనవు, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను. సాయంత్రం దాకా స్కూటర్ ముట్టుకోకు. ఇవాళ పనికి రావని బేకరీకి నేనే ఫోన్ చేసి చెప్పాను. అక్కణ్ణించి తెచ్చుకున్న వనస్పతి డబ్బా కోసం వెతక్కు, పారేశాను.

ఆసుపత్రిలో రోజూ ఎందరివో కళ్ల లోపలి ఫోటోలు తీస్తాను. నీది తెర మీద పడగానే మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. నారింజ రంగు చందమామ, దాని నిండా ఎర్రటి వాగులు! అది కంటి వెనక గోడకున్న పొర, రెటీనా. ఆ పొర మనం తిన్న కొవ్వులోంచే కావలసింది తీసుకుని రోజూ తనను తాను కొత్తగా కట్టుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. వనస్పతి కొవ్వు కూడా అక్కడిదాకా వెళ్లి కూర్చుంటుందట. ఎంత చెరుపు చేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదట. నీ కన్ను ఇప్పటికైతే బాగానే ఉంది. చిన్నప్పుడు మసక వెలుతురులో చదివితే కళ్లు పోతాయని నాకు చీవాట్లు పెట్టేవాడివి. నువ్వేమో ఆ వనస్పతితోనే చేసే పఫ్‌లు, ప్రతి ట్రేలోంచీ ఒకటి నోట్లో వేసుకోందే ఊరుకోవు!

భోజనం మూతపెట్టాను, తిని పడుకో.

మరిచాను. ఆ ఫోటో నడిమధ్య ఆవగింజంత ముదురు చుక్క ఉంది. కంగారుపడకు, అందరికీ ఉంటుంది. ముఖాలు గుర్తుపట్టేది దానితోనే. నేను పుట్టిన రోజు నుంచీ నీకు కనిపిస్తున్నది ఆ చుక్కలోనే నాన్నా.