ఈల నుంచి ఈల దాకా

ఆదివారం

రగ్బీ సంఘం కార్యదర్శి గారికి వడ్రంగి మేస్త్రీ రాయించుకోకుండా తానే రాసుకున్న ఉత్తరం.

అయ్యా,

మీరు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను తప్ప అందరూ బాగున్నారు.

నిన్న మీ మనిషి మా ఇంటి తలుపుకి కాగితం అంటించి పోయాడు. ఆ తలుపు నేను చేసింది. దానికి జిగురు పూయడం మొదటి తప్పు. ఈ సీజను అయ్యేదాకా నేను మైదానంలో అడుగు పెట్టకూడదని అందులో రాయడం రెండోది. నాకు చదువు అంతంతమాత్రం. అయినా రెండుసార్లు కూడబలుక్కుని చదివాను. రెండుసార్లూ అదే ఉంది.

జరిగింది చెబుతాను. మన ఆడపిల్లల జట్టులో అంచున పరుగెత్తే పిల్ల నా మనవరాలు. దానికి బూటు తాడు కట్టుకోవడం నేర్పింది నేనే. అది ఆడిన ఆట ఒక్కటి కూడా నేను చూడకుండా పోలేదు.

మొన్న ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అవతలి జట్టు పిల్ల పరుగెత్తుతూ బంతిని పక్కపిల్లకి విసిరింది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో విసరాలి. ఇది మా వీధి కుక్కకి కూడా తెలుసు. బంతి వదిలింది మైదానంలో అడ్డంగా గీసిన గీతకి ఇవతల, పట్టుకుంది అవతల. మధ్యలో నాలుగు జానలు. యాభై ఏళ్ళుగా గుమ్మాలు నిలబెడుతున్న కన్ను నాది. మీ రిఫరీ ఈల ఊదలేదు. ఆ పిల్ల చివరి గీత దాటి బంతిని నేలకి ఆనించింది. దాన్నే ట్రై అంటారు, ఐదు పాయింట్లు. మేం రెండు పాయింట్లతో ఓడాం. ఏదో పాత ఆటల పుణ్యాన ఫైనల్‌కి చేరాం గానీ ఓటమి ఓటమే.

నా కుడిపక్క నిలబడే సెలూనాయన "ముందుకే పోయింది మేస్త్రీ" అన్నాడు. ఎడమపక్క నిలబడే బేకరీ ఆయన "వెనక్కే విసిరింది" అన్నాడు. "కళ్ళద్దాలు తుడుచుకో" అన్నాను. "అద్దాలు తుడిచే ఉన్నాయి, నీకే కళ్ళు కడగాలి" అన్నాడు. ఇది ఇట్లా తేలేది కాదని నేనే లోపలికి నడిచి వెళ్ళి రిఫరీ మెడలోంచి ఈల తీసుకున్నాను. లాక్కోలేదు, తీసుకున్నాను. ఊదనివాడికి ఈలెందుకు?

కాబట్టి ఆ ట్రై కొట్టేయండి. నిషేధం తీసేయండి. మూడు వారాల్లో ఫైనల్ ఉంది.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రీ

తా.క. బంతి ఎక్కడ వదిలిందీ ఎక్కడ పట్టుకుందీ చెక్క మీద మేకులు కొట్టి పంపుతున్నాను. కాగితం మీద గీస్తే మీవాళ్ళు చింపేస్తారు.


బుధవారం

మేస్త్రీ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం, మీ చెక్క అందినవి. చెక్క ఆఫీసు గుమ్మంలో పట్టనందున వరండాలో నిలబెట్టించాము.

ఆటలో ఏం జరిగిందో, దానికి ఏ నిబంధన వర్తిస్తుందో తేల్చేది రిఫరీ ఒక్కరే. ఆయన తీర్పును ఈ ఆఫీసు మార్చదు, మార్చలేదు.

ఇక బంతి సంగతి. చూడవలసింది గీతను కాదు, విసిరే చేతులను. చేతులు వెనక్కి విసిరితే అది సరైన పాసే. పరుగెత్తే మనిషి వేగం బంతికి కూడా ఉంటుంది కనుక గాలిలో అది కొంత ముందుకు సాగుతుంది. కదిలే బండిలోంచి ఏదైనా వెనక్కి విసిరి చూస్తే మీకే తెలుస్తుంది.

నిషేధం అలాగే ఉంటుంది. ఈల వెంటనే తిరిగి పంపగలరు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. నేను "అయ్యా" కాదు.


ఆదివారం

అమ్మా,

దండాలు. మీరు ఆడమనిషని నాకు తట్టలేదు. మా ఆవిడ మాత్రం రెండో వరుసలోనే పట్టేసింది. "ఇంత ఓపిగ్గా మగాడు రాయడు" అంది.

మీరు చెప్పిన పనే చేశాను. మా అల్లుడు చెక్కలు తోలే వ్యాను తీశాడు. సెలూనాయన రోడ్డుకి అడ్డంగా సుద్దతో గీత గీసి పక్కన నిలబడ్డాడు. బేకరీ ఆయన్ని కూడా పిలిచాను, రేపు నేను అబద్ధం చెప్పానని అనకుండా. నేను వెనక నిలబడి, వ్యాను గీత మీదికి రాగానే నా పాత చెప్పు ఒకటి వెనక్కి విసిరాను. కచ్చితంగా వెనక్కే. అది వెళ్ళి గీతకి ముందు పడింది. వ్యాను ఆపి, దిగి, కొలిచాను. ఐదు జానలు ముందుకి. బేకరీ ఆయన నవ్విన నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను.

రెండో చెప్పు కూడా విసిరి చూశాను, మొదటిది ఏమైనా తేడా చెప్పేమోనని. అదీ అంతే.

సరే, మీ రిఫరీ రైటు. అంతమాత్రాన నేను తప్పని కాదు. నేను చూసింది నేను చూశాను, గీత దాటింది దాటింది. చేతులు చూడాలని ముందే ఎవరైనా చెప్పి ఉంటే చేతులే చూసేవాణ్ణి.

ఈల రిఫరీ గారింటికే నేరుగా పంపించాను. ఊరికే పంపడం మర్యాద కాదని మంచి టేకుతో చిన్న పెట్టె చేసి, నున్నగా చిత్రిక పట్టి, లోపల మెత్తటి గుడ్డ వేసి పెట్టాను. ఇక మన మధ్య ఏమీ లేదు. నిషేధం తీసేయండి.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రీ

తా.క. ఆ రెండో చెప్పు స్కూటరు మీద వస్తున్న ఎవరో హెల్మెట్ మనిషికి తగిలింది. ఆయన బండి ఆపి ఏదో అరిచాడు. మాకు పని తొందరలో వినబడలేదు.


గురువారం

మేస్త్రీ గారికి,

ఈ ఉత్తరం నమస్కారంతో మొదలుపెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నమస్కారం.

ఆ హెల్మెట్ మనిషి రిఫరీ గారే.

శనివారం ఆయనకు మీ చెప్పు తగిలింది. సోమవారం ఆయన ఇంటికి మీ పెట్టె వచ్చింది. భుజాల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం, పైన మూత, లోపల తెల్లగుడ్డ, ఆ గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టిన ఆయన ఈల. శవపేటిక ఎలా ఉంటుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన భార్య మూడు రోజులుగా ఆయన్ని గడప దాటనివ్వడం లేదు.

కమిటీ సమావేశమై మీ నిషేధాన్ని ఐదేళ్ళకు పెంచింది. పోలీసుల దాకా వెళ్దామన్నవాళ్ళు కూడా ఉన్నారు. నేనే ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. బండిలోంచి విసిరి చూడమని మీకు రాసింది నేను కనుక నన్ను కూడా లిఖితపూర్వకంగా వివరణ అడిగారు.


శుక్రవారం

అమ్మా,

శవపేటికా? నా పనిని నలభై ఊళ్ళవాళ్ళు చూశారు, ఇంత మాట ఒక్కడూ అనలేదు.

ఈలకి ఊదే మూతి సన్నం, బొర్ర వెడల్పు. పెట్టె కూడా అట్లాగే చెయ్యాలి. నలుచదరంగా చేస్తే లోపల గడగడలాడి గీతలు పడుతుంది. గుడ్డ తెల్లది వేసింది అదే ఇంట్లో దొరికింది కాబట్టి. నేను చచ్చినవాళ్ళకి ఎప్పుడూ పనిచేయలేదు. వాళ్ళు వచ్చి సరుకు చూసుకోరు, బాగుందని ఒక మాట చెప్పరు.

చెప్పు సంగతి తప్పే. చెప్పు నాదే, చెయ్యీ నాదే. రిఫరీ గారింటికి వెళ్ళి గుమ్మం బయట నిలబడి ఆ మాట చెప్పొచ్చాను. ఆయన కిటికీలోంచి విన్నాడు. వాళ్ళావిడ తలుపు తియ్యలేదు. ఆ తలుపు కింద మూల నేలకి రాచుకుంటోందని కూడా చెప్పాను. చిత్రిక తెస్తానన్నాను. లోపల్నుంచి గడియ పెట్టుకున్నారు.

అమ్మా, నాకు ఐదేళ్ళు వద్దు, ఆరేళ్ళు వేసుకోండి. ఈ ఒక్క ఫైనల్ చూడనివ్వండి. మా పిల్లని అడిగాను, నేను రాకపోతే నీకేమైనా బెంగా అని. "నువ్వు లేకపోతే ప్రశాంతంగా ఆడుకుంటాను తాతా" అంది. అని బూట్లు భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండా, "ఇంకోసారి అడిగి చూడరాదూ" అంది.

అందుకే అడుగుతున్నాను. నేను ఎవర్నీ అడిగే మనిషిని కాదని మా వీధిలో కనుక్కోండి.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రీ

తా.క. పోలీసుల్ని ఆపినందుకు మీకు ఒక పీట చేసి ఇద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. మీ ఆఫీసువాళ్ళు దాన్ని ఏమనుకుంటారో అని.


మంగళవారం

మేస్త్రీ గారికి నమస్కారం.

మీ ఉత్తరాన్ని కమిటీ ముందు చదివి వినిపించాను. పీట దగ్గర అధ్యక్షులవారు దగ్గడానికని బయటికి వెళ్ళారు. రిఫరీ గారు పెట్టెను మళ్ళీ పరీక్షగా చూసి, పనితనం బాగుందని ఒప్పుకున్నారు.

మీ నిషేధాన్ని రద్దు చేశాము. ఫైనల్‌కి మీరు రావచ్చు. ఒకటే షరతు. మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా మీరు నోరు తెరవకూడదు. తిట్టు గానీ, సలహా గానీ, కొలత గానీ బయటికి రాకూడదు. జతపరిచిన హామీపత్రం మీద సంతకం చేసి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. సంతకం కాగితం మీదే చేయగలరు. చెక్క పంపవద్దు.


సోమవారం

అమ్మా,

దండాలు. కప్పు గెలిచాం. మీరూ అక్కడే ఉన్నారు, చూశారు. మీరు చూడనిది చెబుతాను.

నోట్లో గుర్తులు పెట్టే పెన్సిలు కరుచుకుని నిలబడ్డాను. మొదటి సగంలో ఒకటి, రెండో సగంలో ఒకటి విరిగాయి. రెండు చెవుల పక్కనా ఆ ఇద్దరూ. రెండు జట్లూ తలలు ఆనించి తోసుకునే గుంపుని స్క్రమ్ అంటారు, అది కూలింది. "స్క్రమ్ కూలింది ఎవరివల్ల మేస్త్రీ?" అని సెలూనాయన. "వాణ్ణి అడక్కు, కాగితం మీద సంతకం పెట్టాడు" అని బేకరీ ఆయన. "తలైనా ఊపొచ్చుగా." "ఊపితే అభిప్రాయం చెప్పినట్టే." "నోరు అన్నారు గానీ తల అన్నారా?" ఆట పక్కన పెట్టి పది నిమిషాలు నా తల గురించి కొట్లాడుకున్నారు.

ఆఖరి నిమిషంలో మేం మూడు పాయింట్లు వెనక. మా పిల్లకి బంతి అందింది. ఇద్దర్ని దాటింది. మూలకి, సరిగ్గా నా ముందుకే వచ్చి గీత మీదికి దూకింది. అప్పుడు జారింది. చేతిలోంచి బంతి జానెడు ముందుకి జారి నేలకి తగిలింది, తర్వాత పిల్ల దాని మీద పడింది. అట్లా జారి ముందు పడితే ట్రై కాదు. ఈసారి చేతులే చూశాను, మీరు చెప్పినట్టు. రిఫరీకి అడ్డంగా ఇద్దరు పిల్లల వీపులున్నాయి. నేను ఆయన చోట నిలబడినా నాకూ కనబడేది కాదు. ఆయన చెయ్యి ఎత్తి ఈల ఊదాడు. ట్రై.

మైదానమంతా లేచింది. సెలూనాయన నన్ను ఎత్తుకున్నాడు. బేకరీ ఆయన ఏడ్చాడు. నేను మూడో పెన్సిలు కొరికాను.

తర్వాత చివరి ఈల ఊదారు. నా మాట అక్కడితో చెల్లిపోయింది. నోరు తెరిచాను. "అది ట్రై కాదు" అన్నాను. గంటన్నర లోపల మగ్గిన గొంతు కదా, కొంచెం గట్టిగానే వచ్చింది. అవతలి జట్టువాళ్ళకి కూడా వినబడింది. వాళ్ళు నా వైపు దండం పెట్టారు.

రిఫరీ గారు నడిచి వచ్చి, "పెద్దాయనా, నాకు కనబడినంతలో అది ట్రైయే. తీర్పు అయిపోయింది" అన్నాడు. మెత్తగా అన్నాడు. ఆయన్ని తిట్టడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోవడం నా జన్మలో అదే మొదలు.

మా ఆవిడ నాకు కంచం పెట్టి వెళ్ళిపోతోంది. అల్లుడు వ్యాను తాళం దాచేశాడు. మా పిల్ల మాత్రం ఇవాళ పొద్దున నా పనిబల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"జారింది తాతా. నాకు తెలుసు" అంది.

"మరి చెప్పలేదేం?"

"ఆయన అడగలేదు. తేల్చేది ఆయన కదా."

"నేను తేల్చమన్నానా? చెప్పలేదేం అన్నాను."

రంపప్పొట్టుని కాలితో అటూ ఇటూ తోసింది.

రిఫరీ తప్పు చేస్తే అరిచేవాణ్ణి. నా మనవరాలు తప్పు చేస్తే ఎవరి మీద అరవాలో మీ నిబంధనల్లో రాయలేదు. కాబట్టి నా నిషేధం నాకు తిరిగి ఇవ్వండి. ఐదేళ్ళన్నారు, ఐదేళ్ళూ ఇవ్వండి, పెద్దవాణ్ణని తగ్గించొద్దు. మీరు ఆపితే ఆగానని అనుకుంటారు. నా అంతట నేను మానేస్తే ఎందుకు మానేశానో మా పిల్లకి తెలిసిపోతుంది.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రీ

తా.క. నిషేధం వచ్చే సీజను మొదటి ఆట వదిలేసి రెండోదాని నుంచి మొదలుపెట్టండి. పిల్ల పొద్దుటి నుంచి పెరట్లో గోడకి బంతి కొట్టి పట్టుకుంటోంది. గోడ సున్నమంతా రాలిపోతోంది, నేనేమీ అనలేదు. ఆ చెయ్యి మళ్ళీ జారుతుందో లేదో ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి.