పేరు వినని టైర్లు

20 సెప్టెంబర్ 2011, జనగామ

సమ్మె. బస్సుల్లేవు, కాలేజీ లేదు. హాస్టల్ నుంచి నన్ను తీసుకుపోవడానికి మంగీలాల్ అన్న తన టాక్సీలో వచ్చాడు. దాని టైర్లు అరిగి నున్నగా అయ్యాయి. ఈ వారమే భూపాలపల్లి దగ్గరి తండా నుంచి రామి అక్కను కాన్పుకు ఇంటికి తేవాలి.

శ్రీశైలం అనే ఆయన టైర్ల షాపుకు వెళ్లాం. పేరున్న కంపెనీవి అన్నకు అందవు. సగం ధరకు వచ్చేవాటి పేరు ఎవరమూ వినలేదు. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు చెల్లె, గివి అక్కను మోస్తయా అని అడిగాడు. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. టైరు మీద రాసినవన్నీ చదివాను. సైజు, లోడ్ సరిపోయాయి. ఈ ఏడాది తయారైనవే. తీసుకో అన్నాను.

అన్న వెంటనే డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. అప్పుడు భయం వేసింది.

21, మహబూబాబాద్

ఇంటికి వచ్చే దారంతా కొత్త టైర్లు తుమ్మెదల్లా మోగాయి. కలలోనూ మోగాయి. కారు మక్కచేల పైనుంచి పోతోంది, కంకులు వంగడం లేదు.

23

యాడి, మా అమ్మ, టైర్లకు పసుపు కుంకుమ పెట్టింది. ఈ టైర్ల పేరేంది బిడ్డా, మొక్కుకుంట అంది. కూడబలుక్కుని చెప్పాను. అమ్మ నోట్లో అది మా తండా పిల్ల పేరులా పలికింది.

25, పొద్దున

వాన. ములుగు దాటాక బ్రేక్ వేస్తే కారు బారెడు జారింది. అన్న నా వైపు చూడలేదు. తడిల మెల్లగ పోవాలె, గంతే అన్నాడు.

25, సాయంత్రం

అక్కతో తిరిగి వస్తుంటే రాస్తారోకో. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. జై తెలంగాణ అన్నాం. అన్నా, డిక్కీల టైరుంటే ఇయ్యరాదే, మంట ఆరిపోతున్నది అన్నారు పిలగాళ్లు. ఉన్నది స్టెపినీ ఒక్కటే, పాత టైరు. గది పేరున్న కంపెనీది, ఇయ్య అన్నాడు అన్న. పేరున్నదైతే ఇంకా మంచిగ మండుతది అని ఒకడు నవ్వాడు.

వెనక సీట్లో అక్క నొప్పితో నా చేయి నలిపేస్తోంది. ఇచ్చెయ్ అన్నా, తెలంగాణ వచ్చినంక కొనుక్కుందువు అంది.

ఇచ్చాడు. రాళ్లు జరిపి దారి ఇచ్చారు.

ముందు అడవి. స్టెపినీ లేదు. నేను తీసుకో అన్న ఆ నాలుగే ఉన్నాయి. టేకు పూలు తెల్లగా రాలుతున్నాయి. మళ్లీ తుమ్మెదలు. ఆ మోతకు అక్క మెల్లగా కూనిరాగం కలిపింది.

26, దవాఖాన

ఆడపిల్ల.

27

టైరు గాడిలో భూపాలపల్లి బొగ్గు ముక్క ఇరుక్కుని ఉంది. యాడి దాన్ని పుల్లతో తీసి, అరగదీసి, పాప బుగ్గన దిష్టి చుక్క పెట్టింది.