ఎడమ కాలి మీద పడిన నింద

ప్రియమైన అత్తయ్యగారికి,

వదిన ఆపరేషన్ కుట్లు విప్పారా? మీరు దగ్గరున్నారు కాబట్టి ఆవిడకి ధైర్యంగా ఉంటుంది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు రోజూ పొద్దున కారేసుకుని వెళ్ళి కట్లు మార్చే ఐదిళ్ళవాళ్ళూ మీ గురించి అడుగుతున్నారు. మందుల షాపు వెనకింటి పెద్దాయన మొన్న మన గేటు దగ్గర నిలబడి, ఆసుపత్రిలో కట్టుతో పాటు చర్మం కూడా ఊడదీశారనీ, మీరెప్పుడొస్తారనీ అడిగారు. మీ అబ్బాయి ఆ బండి అమ్మేస్తున్నారని నేను చెప్పలేదు. వస్తారని మాత్రం అన్నాను.

ఇది ఫోన్లో చెప్పగలిగిన మాట కాదు. ఫోన్లో అయితే మీరు "ఏమ్మా, గొంతు అలా ఉందేం?" అంటారు, నేను "జలుబండీ" అంటాను. అక్కడితో అయిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మన కారు క్లచ్ పాడుచేసింది మీరు కాదు. నేను.

మీరు తిరిగొచ్చాక నేను బండి తీసుకుని పనికి వెళ్ళే మా లైబ్రరీ ముందు రోడ్డు ఎత్తుగా ఉండి, సరిగ్గా ఆ ఎత్తు మీదే సిగ్నల్ ఉంది. ఎత్తులో ఆగితే హ్యాండ్ బ్రేకు వేసి, గేరు తీసి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసెయ్యమని మీరు నేర్పారు. మొదటి వారంలో అలాగే చేశాను. ఒకరోజు బ్రేకు వదలగానే బండి వెనక్కి జారింది. వెనకున్న లారీ ఆయన తల బయటికి పెట్టి, "అమ్మా తల్లీ, వచ్చి నా బానెట్ మీదే కూర్చుంటావా ఏంటి!" అని అరిచాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను అక్కడ హ్యాండ్ బ్రేకు ముట్టలేదు. క్లచ్ సగం తొక్కిపెట్టి, యాక్సిలరేటర్ కొంచెం నొక్కి, ఎర్ర దీపం ఆరేదాకా బండిని వేలాడదీసినట్టు నిలబెట్టేదాన్ని. రోజూ అలాగే, ఎనిమిది నెలలు. కాలిన వాసన వచ్చేది. లారీలదనుకున్నాను. లారీలు లేని రోజు కూడా వచ్చింది. తర్వాత పెడల్ తొక్కినప్పుడల్లా కీచుమనడం మొదలైంది. మిమ్మల్ని అడగాలనుకుంటూనే, ఎలా నడుపుతున్నావని మీరు అడుగుతారేమోనని ఊరుకున్నాను.

బండి ఆగిపోయాక మెకానిక్ షెడ్డుకి నేనూ మీ అబ్బాయీ వెళ్ళాం కదా. ఆయన గేరుబాక్సు దించి విరిగిన ముక్క చూపించారు. ఫోర్కు అంటారట. రెండు వేళ్ళున్న ఇనుప ముక్క. మనం పెడల్ తొక్కితే అది లోపలి బేరింగుని ముందుకి తోస్తుంది. బేరింగు అరిగి, బిగుసుకుపోయి, ఆ రెండు వేళ్ళలో ఒకదాన్ని విరిచేసింది. క్లచ్ ప్లేటు కాలిపోయి నీలంగా ఉంది.

"ఎవరిదండీ ఈ పని? ఇది తిరిగి అరిగింది కాదు, నిలబెట్టి కాల్చింది. కాలు పెడల్ మీద నుంచి తీస్తేగా!" అన్నారు మెకానిక్.

నేను నోరు తెరిచాను. ఈలోగా మీ అబ్బాయి, "అమ్మే అయ్యుంటుంది. మోకాలు నొప్పి వచ్చాక కాలు ఎత్తడం లేనట్టుంది," అన్నారు. మెకానిక్ తలాడించారు. నేను తెరిచిన నోరు మూసేశాను.

కాన్వెంటులో పదేళ్ళపాటు మాకు అడిగినప్పుడే మాట్లాడమని నేర్పారు. నన్నెవరూ అడగలేదు కదా అని ఆ పూటకి సర్దిచెప్పుకున్నాను. అది మర్యాద కాదని, పిరికితనమని నాకు అప్పుడే తెలుసు.

ఇంటికొచ్చి మీ అబ్బాయి మీతో, "క్లచ్ మీద కాలు పెట్టే నడుపుతున్నావటగా. ఇక చాల్లే అమ్మా. ఆ ముక్క కూడా ఇప్పుడు దొరకదు. పాత ఇనుముకి ఇచ్చేద్దాం," అన్నారు. మీరు పోట్లాడతారనుకున్నాను. పోట్లాడితే చెప్పేద్దామని కూడా అనుకున్నాను. మీరు ఎడమ కాలి వైపు ఒకసారి చూసుకుని, "సరేరా," అన్నారు. మర్నాడు వదిన దగ్గరికి వెళ్ళిపోయారు.

మీరు వెళ్ళాక నేను చేసిన పని చెబితే నవ్వుతారు. నాకు వచ్చిన విద్య ఒక్కటే కదా, చదవడం. కారు అరలో ఉన్న పాత కంపెనీ పుస్తకం తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదివాను. చివర్లో సన్న అక్షరాల్లో ఉంది: అదే కంపెనీ చేసిన సామాన్ల వ్యానుకి కూడా ఇదే ఫోర్కు వేస్తారని. ఆ వ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి. ఆ ఫోర్కు నంబరు చీటీ మీద రాసి మెకానిక్ బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాను. మూడో రోజు ఆయన ఫోన్ చేసి, "చీటీ ఎవరు పెట్టారమ్మా? ముప్ఫై ఏళ్ళుగా ఇవే విప్పుతున్నా, ఈ సంగతి నాకే తెలీదు," అన్నారు. ముక్క దొరికితే ఇక నిజం చెప్పక్కర్లేదని ఆశపడ్డాను అత్తయ్యగారూ. కానీ మీ అబ్బాయి, "మంచిదే, బాగుచేస్తే ఎవరైనా కొంటారు. బండి బాగైనా అమ్మ కాలు బాగవదుగా," అన్నారు. నెలాఖరుకి ఒకాయన బండి చూడ్డానికి వస్తున్నారు.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదు. మీరు మాట్లాడమని అడగలేదు. మిల్లు వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి, నా వీపు వెనక దిండు పెట్టి, తాళంచెవి చేతికిచ్చి, "ఇక్కడ గుద్దడానికి ఏమీ లేదు, నేను తప్ప," అన్నారు. నన్ను నమ్మి అంత పెద్ద వస్తువు అంతకుముందు ఎవరూ నా చేతికివ్వలేదు. దానికి మీ రుణం ఎలా తీర్చుకోవాలా అనుకునేదాన్ని. చివరికి చేసింది ఇది.

మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. అన్యాయం జరిగింది మీకు కాబట్టి ముందు మీకు చెప్పాలనిపించింది. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

మీ క్షమ కోసం ఎదురుచూస్తూ,
మీ కోడలు


మా పుస్తకాలమ్మకి,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆ రోజూ మర్నాడూ జవాబు రాయలేదు. కోపమొచ్చి. దాచుకోవడం నాకు రాదు గనక ముందే చెప్పేస్తున్నా. "ఏంటమ్మా, గిన్నెల మీద ఎందుకంత పగ?" అంది మీ వదిన. "నీ మరదలు ఉత్తరం రాసింది." "ఏం రాసింది?" "అంతా బాగున్నారట." చూశావా, నేనూ అబద్ధమే చెప్పా.

అత్తయ్యకి అన్నీ తెలుసు, నన్ను కాపాడ్డానికే "సరేరా" అందని అనుకుని ఉంటావు. నేనంత మంచిదాన్ని కాదే అమ్మాయీ. నాకేమీ తెలీదు. పొద్దునపూట ఆ కీచు నేనూ విన్నా. నేను తొక్కితేనే అరుస్తోందనుకున్నా. వాడు చెప్పగానే నమ్మేశా. ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపాక, నా కాలు నాకు చెప్పకుండానే ముసలిదైపోయిందనుకున్నా. ఇక్కడ టీ తాగుతూ కూడా బల్ల కిందకి చూసుకోవడమే పని, కాలు నేను పెట్టిన చోటే ఉందా లేక దాని ఇష్టానికి ఎక్కడికైనా పోయిందా అని. మీ వదినకి నరానికి ఇంజక్షన్ చెయ్యాలంటే చెయ్యనన్నాను. కాలే మాట విననప్పుడు చెయ్యి మాత్రం వింటుందని ఏం నమ్మకం? నలభై ఏళ్ళు సూది పట్టిన చెయ్యి! ఎవరో నర్సుని పిలిపించాం. నరం దొరక్క మూడుచోట్ల గుచ్చింది పాపం. మీ వదిన నా మొహమే చూస్తూ ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూశా.

గురువారం పొద్దున నీ ఉత్తరం ఇంకోసారి చదివా. చదివి, లేచి, చేతులు కడుక్కుని, నేనే ఇంజక్షన్ చేశా. ఒక్క పోటు. "అయిపోయిందా?" అంది మీ వదిన. అప్పుడు తెలిసింది నువ్వు నాకేం పంపావో. నా కాలూ నా చెయ్యీ రెండూ ఆ కవర్లో పెట్టి పంపావు. ఎత్తుకుపోయింది కూడా నువ్వే అనుకో, అది వేరే సంగతి. నువ్వు నోరు మెదపకపోతే వాడికి తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. బతికినంతకాలం నా కాలునే తిట్టుకుంటూ ఓ మూల కూర్చునేదాన్ని. బయటపడే దారే లేని తప్పుని తనంతట తను ఒప్పుకున్న మనిషిని ఈ వయసుకి నిన్నొక్కదాన్నే చూశా. అందుకు నీకు దణ్ణం పెట్టాలి. పెద్దదాన్ని గనక పెట్టను.

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నావు. మనిద్దరి మధ్యే ఉంచుకుందామని రాయబోయా, నీ బెదురు నాకు తెలుసు గనక. అలాగైతే వాడి దృష్టిలో నా కాలు దొంగగానే మిగులుతుంది. కాబట్టి చెప్పు. ఇంట్లో గుసగుసగా కాదు. నింద ఎక్కడ పడిందో అక్కడే తీసెయ్యి. ఆ షెడ్డులో, మెకానిక్ ఎదుట, వాడి ఎదుట, అందరికీ వినపడేలా. ఏడుపొస్తే ఏడువు. మాట మాత్రం మింగకు.

మోకాలు నొప్పి అబద్ధం కాదు. అది ఎక్కువైన రోజు తాళంచెవి నేనే తీసి ఇచ్చేస్తా. అదెప్పుడో ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేదు.

కోపం తగ్గింది. కొంచెం ఉంది.

మీ అత్తయ్య


అత్తయ్యా,

చెప్పేశాను.

నిన్న సాయంత్రం ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. మెకానిక్ మన కారు కిందే ఉన్నారు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మొహం కనపడకపోవడమే మేలనుకుని ఆ కాళ్ళకే చెప్పాను. "గట్టిగా చెప్పమ్మా, చెవుల్లో అంతా గ్రీజే," అన్నారు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "క్లచ్ కాల్చింది మా అత్తయ్య కాదండీ, నేను." అవతల టైరు మారుస్తున్న ఆయన కూడా తల తిప్పి చూశాడు. సిగ్నల్ దగ్గర ఎలా నిలబెట్టేదాన్నో మొత్తం చెప్పాను. ఏడ్చాను కూడా. కానీ చెప్పడం అయ్యాకే.

మెకానిక్ కింద నుంచి జరిగి వచ్చి, లేచి కూర్చుని చేతులు తుడుచుకున్నారు. "అమ్మయ్య! పదిహేనేళ్ళుగా ఆవిడ బండి చూస్తున్నా. ఆవిడ కాలు ఇలా చేసిందంటే నాకే దిగులేసిందమ్మా. ఇంటికెళ్ళి మా ఆవిడతో కూడా అన్నా, నర్సమ్మ పనైపోయిందే అని. ఇవాళ వెళ్ళి చెబుతా," అన్నారు.

మీ అబ్బాయి, "ఆ రోజే చెప్పొచ్చుగా," అన్నారు. "నేను నోరు తెరిచేలోగా మీరు చెప్పేశారు," అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "అవును. అడగకుండా అనేశాను. మా అమ్మ కాబట్టి ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది," అన్నారు. అక్కడే నిలబడి, చూడ్డానికి వస్తానన్న ఆయనకి ఫోన్ చేసి బండి అమ్మడం లేదని చెప్పేశారు. మీకు విడిగా ఉత్తరం రాస్తున్నారు. ఇప్పటికి రెండు కాగితాలు నలిపి పడేశారు. ఏం రాయాలో చెప్పమని నన్నడిగారు. చెప్పనన్నాను.

ఫోర్కు, బేరింగు, ప్లేటు, అన్నీ కొత్తవి బిగించేశారు. "ఒక చుట్టు తిప్పి చూడండి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో," అని మెకానిక్ తాళంచెవి అందించారు. మీ అబ్బాయి చెయ్యి చాచారు. నేను మధ్యలోంచి తీసేసుకున్నాను. అలా ఎవరి ముందు నుంచీ నేనెప్పుడూ ఏదీ లాక్కోలేదు.

"అత్తయ్య తిప్పి చూస్తారు," అన్నాను.

"ఆవిడ రావడానికి ఇంకా వారం ఉందిగా! అప్పటిదాకా నా షెడ్డులో సగం చోటు ఇదే తినేస్తుందమ్మా!"

"తిననివ్వండి," అన్నాను.

రెండో తాళంచెవి పోయి ఎన్నో ఏళ్ళయిందని మీరే చెప్పారు. ఉన్న ఒక్కదాన్నీ గుడ్డలో చుట్టి ఈ కవర్లో పెట్టాను. మీరు వచ్చేదాకా ఆ బండిని ఎవరూ కదపలేరు. ఇది చేరగానే ఒక ముక్క రాయండి.

మీకు ఎప్పటికీ రుణపడి ఉండే,
మీ కోడలు