ఊపిరి బిగబట్టి గీసిన గీత

చెల్లెమ్మకి,

దుకాణాల బోర్డులు రాస్తుంటే కుడి భుజం లాగేస్తోందని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీకు చెప్పలేదు గానీ, నా భుజం ఏడాదిగా పైకి లేవడం లేదు.

నేను భుజానికి రాసుకోని మందు లేదు. చివరికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి భుజాన్ని వదిలేసి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి ఊపిరి పీల్చమంది.

"కడుపు కదలడమే లేదండీ, భుజాలు లేస్తున్నాయి. ఊపిరి పీల్చే కండరం నీరసపడిపోయింది, దాని పని మెడా భుజాలూ చేస్తున్నాయి. మీరు పనిలో ఊపిరి ఆపుకుంటారా?" అని అడిగింది.

నీ పదిహేనో ఏట కుంచె పట్టడం నేర్పుతూ నీ వీపు మీద నేనూ అలాగే చెయ్యి పెట్టి నిలబడేవాణ్ణి, గుర్తుందా? గీత పూర్తయ్యేలోగా వీపు కదిలితే, "ఊపిరి పీల్చావో, గీత చెడిందే!" అని కసిరేవాణ్ణి. నాన్న నాకు నేర్పిందే నీకూ నేర్పాను.

ఇప్పుడేమో ఊపిరి పీలుస్తూ గీయాలట. నెల రోజులుగా చూస్తున్నాను, నా వల్ల కావడం లేదు. కుంచె ఆనగానే ఊపిరి దానంతటదే ఆగిపోతోంది. ఇక నీకేం నేర్పను, తల్లీ?

ఊపిరి ఆపకుండా ఎలాగో గీసిన గీత ఒకే ఒక్కటి ఈ కాగితం అడుగున ఉంది. పాములా ఉంది, నవ్వుకో. తర్వాత కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చి చూడు. కదిలిందని నాకు రాయి. కదలకపోయినా అలాగే రాయి.

నీ అన్నయ్య