దారికి అడ్డం

కనేరి, భివండి

తమ్ముడు ఫిలిప్‌కు, అందరం ప్రాణాలతో ఉన్నాం, దేవునికి స్తోత్రం.

మంగళవారం మా ఇంటి కింద మరమగ్గాలు నడిచే సాంచాల కార్ఖానాలో నిప్పంటుకొని పొగ పైకొచ్చింది. మా గుమ్మంలోని రెండు సైకిళ్ల మధ్య కోడలు బ్లెస్సీ కాలు ఇరుక్కుంది. “అత్తమ్మా, కాలు వస్తలేదు” అని ఒకటే ఏడుపు. పక్కింటివాళ్లు లాగి విడిపించారు.

మరునాడే రెండూ అమ్మేసి, సీటు పైకీ కిందికీ జరిగే సైకిల్ ఒకటి తెచ్చాం. “ఒక్కదానితో ఇద్దరికి ఎట్లనే?” అన్నారు మీ బావ. “మీరు దిగినంక కొడుకు ఎక్కుతడు, డ్యూటీ పాళీలు వేరే గద” అన్నాను.

గుమ్మం ఖాళీ అయింది గాని నా భయం పోలేదు. మీ వెనుక తలుపుకు అడ్డంగా నూలు బస్తాలు పెట్టామన్నావు. అమ్మ పడుకునేది ఆ గదిలోనే కదా. ముందు అవి తీయి, తీసినట్టు రాయి. అప్పటిదాకా నా ప్రార్థన అదే.

ప్రభువు కాపుదల మీకుండాలి.

అక్క ఎలీసబెతు