అద్దాల తొట్టికి కోడలి చేతి బోణీ

శ్రీకాకుళం జిల్లా గార మండలం కళింగపట్నంలో కాపురముంటున్న, కీర్తిశేషులు సూరాడ పోతురాజు భార్య సూరాడ లక్ష్మణమ్మ అనే నేను, వయసు డెబ్బై దాటినదానను, వృత్తి చేపల అమ్మకం, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో చెప్పి రాయించిన వీలునామా ఇది. ఆపరేషన్ అయింది నా కంటికి, బుర్రకు కాదు. "అమ్మకి మతి సెడిపోనాది, కూరకి పనికిరాని సేపలకి మేత ఎడతన్నాది" అని నా పెద్దకొడుకు ధనరాజు ఊరంతా చెబుతున్నాడు గనుక ఈ సంగతి మొదటే రాయించాను. దస్తూరి దస్తావేజులు రాసే కొండబాబు గారిది. మధ్యలో ఆయన మెత్తని మాటలు కొన్ని కలపబోతే కొట్టేయించాను.

1. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపించే బాధ్యత ఐసు ఫ్యాక్టరీ దేవేంద్రకు అప్పగిస్తున్నాను. ధనరాజు ఊళ్ళో భయపడేది అతనొక్కడికే. వేరే కారణం లేదు.

2. ఇల్లు నా స్వార్జితం. పోతురాజు వేటకు పోయి తిరిగిరాకపోయాక, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి కట్టుకున్నాను. వెనక గదులు, వంటిల్లు ధనరాజుకు చెందాలి. వీధి గది, దాని ముందు అరుగు నా చిన్నకోడలు అనూరాధకు చెందాలి. నా చిన్నకొడుకు వినోద్ జ్వరంతో పోయినప్పటి నుంచి ఈ పిల్లను పుట్టింటికి పంపేయాలని ఇంట్లో గుసగుసలు నడుస్తున్నాయి. "పిల్లాజెల్లా నేదు, ఇక్కడేటి పని దానికి?" అని నాకు వినబడేలాగే అంటున్నారు. నా ఇంట్లో ఎవరికి ఏం పనో నేను చెబుతాను. అనూరాధ ఆ గదిలోనే ఉంటుంది. వెళ్ళాలనుకుంటే తనంతట తాను వెళుతుంది, ఒకరు సాగనంపక్కర్లేదు.

3. నా కూతురు అనితకు నా వెండి కడియాలు, గంప కింద నెత్తిన పెట్టుకునే చుట్టగుడ్డ. చిన్నప్పుడు సంతలో ఆ గుడ్డే తలగడగా పెట్టుకుని, పక్కన బేరాలు ఎంత గోలగా సాగుతున్నా హాయిగా నిద్రపోయేది. దాన్ని ఉతకొద్దు తల్లీ. ఆ వాసనే నేను.

4. రేవులో చేపలు కొనే పెద్ద, నా భర్తకు అన్న, గంగులు బావగారికి నేను కూర్చునే చెక్కపీట ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో ఎనిమిదో అంశంలో ఉంది. పోతురాజు పోయిన ఏడాది నేను మొదటిసారి గంపతో రేవుకు వెళితే, ఈయన పడవవాళ్ళందరి ముందూ "ముండమోపి సేత్తో బోణీ ఏటిరా, వేట పడతాదేటి?" అన్నాడు. ఆ రోజు నుంచి ఏ పడవా తొలి బేరం నాతో చెయ్యలేదు. అందరూ కొనుక్కుని పోయేదాకా దూరంగా నిలబడి, మిగిలిపోయిన చేపలు కొన్నాను. వాటితోనే ముగ్గురు పిల్లల్ని పెంచాను. బావగారు ఈ సంగతి మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు.

5. వీధి గదిలో ఉన్న ఉప్పునీటి అక్వేరియం గురించి. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఒక రిసార్టు మూతపడి సామాను అమ్మేస్తుంటే, అక్కడ పనిచేసిన వినోద్ నా గంప సొమ్ముతో ఈ అద్దాల తొట్టి కొని, పరుపుల మధ్య పెట్టి ఆటోలో తెచ్చాడు. "సముద్రం గుమ్మంలో ఎట్టుకుని ఇంట్లో మళ్ళీ సముద్రమేటి?" అని ఊరు ఊరంతా నవ్వింది. నేనూ తిట్టాను. వాడు పట్టించుకోలేదు. వలల్లో పడినా ఎవరూ కొనక ఇసుకలో విసిరేసే చిన్నచిన్న చేపల్ని ఏరుకొచ్చి అందులో వేశాడు. పసుపు చారలవి, నీలం తోకవి, శంఖంలో కాపురం పెట్టిన పీత, ముట్టుకుంటే పొట్ట ఉబ్బించేది ఒకటి. ఆ పొట్ట చూసి దానికి గంగులని పేరు పెట్టింది నేనే. జీవితమంతా చేపను తూకంలోనే చూశాను. అది ఈదుతుంటే తీరిగ్గా కూర్చుని చూడడం ఈ తొట్టి దగ్గరే నేర్చుకున్నాను. వినోద్ పోయాక దాన్ని సాకుతున్నది అనూరాధ.

6. మొన్న భాద్రపదంలో నేను కంటి ఆపరేషన్‌కు శ్రీకాకుళం వెళ్ళిన సమయం చూసి, ధనరాజు ఆ తొట్టిని ఫోనులో అమ్మకానికి పెట్టాడు. "వాడిన ఉప్పునీటి అక్వేరియం, మోటారు, లైట్లు, స్టాండుతో సహా" అని. ఫోటోలో నీళ్ళు మెరవాలని పాతనీరు పారబోసి, రేవులో బిందెలతో ముంచుకొచ్చి పోశాడు. వంశధార వరద మీద ఉంది. ఆ రోజుల్లో మా ఒడ్డున సముద్రం కూడా చప్పగానే ఉంటుంది. ఎర్రనీరని గుడ్డలో వడగట్టాడు గానీ, నాలుక మీద వేసుకుని చూడలేదు. వరద నీటికి చేప లోతుకు పారిపోతుందని వల వేసేటప్పుడు వాడికి తెలుసు. మరి తొట్టిలో చేప ఎక్కడికి పారిపోతుందిరా ధనరాజూ?

పసుపు చారలవన్నీ చచ్చిపోయాయి. మిగతావాటి కోసం అనూరాధ ఖాళీ ఐసు పెట్టెలు పట్టుకుని రేవుకు పరిగెత్తి, వేటకు పోయేవాళ్ళను లోతునీరు తెచ్చిపెట్టమని బతిమాలింది. పొద్దున్నే ఎదురొచ్చిందని తిట్టినవాళ్ళు తిట్టారు. ఒక పడవవాడు మాత్రం తెచ్చి ఇచ్చాడు. ఆ నీటితో మిగిలినవి బతికాయి. పొట్ట గంగులు కూడా బతికాడు.

విజయనగరం పళ్ళ డాక్టరు ఒకాయన అప్పటికే ధనరాజుకు బయానా ఇచ్చి ఉన్నాడు. దాన్ని నేను తిరిగి పంపించాను. "సొంతదారు మీరని తెలీదండి మామ్మగారూ" అని ఫోనులో మర్యాదగానే అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

7. ఇకపోతే, ఆ తొట్టి ఎవరికి రాసిందా అని వెతుక్కోవద్దు. అది నా ఆస్తిలో లేదు. ఈ ఉదయం అమ్మేశాను. కొన్నది అనూరాధ. ఊరికే ఇస్తే రేపు ఊరికే లాక్కుంటారు. పైగా నా జన్మలో చేప ఎవరికీ ఊరికే ఇచ్చింది లేదు. బేరమాడమంటే ఏడుస్తూ కూర్చుంది. బేరమాడకపోతే అమ్మనన్నాను. అప్పుడు కళ్ళు తుడుచుకుని ఆడింది, బాగానే ఆడింది. కొంగున ముడివేసుకున్న నోటు తీసి ఇస్తే, సాక్షుల ఎదుట కళ్ళకద్దుకున్నాను. బోణీ సొమ్ము కళ్ళకద్దుకున్నాక బేరం వెనక్కి పోదు. ఇది మా రేవు చట్టం, ధనరాజుకు ఎవరూ చదివి వినిపించక్కర్లేదు. తొట్టిని అనూరాధ ఉంచుకుంటుందో, రేపే ఆ డాక్టరుకు లాభానికి అమ్ముకుంటుందో ఆమె ఇష్టం.

8. నా పేరున ఉన్న ఫైబరు పడవ, ఇంజను, వలలు ధనరాజుకు చెందాలి. వాడు నా కొడుకు, కష్టపడతాడు, వాడంటే నాకు ప్రేమే. కానీ ఒక షరతు. నా దినాలు అయ్యాక, పడవ తొలి వేట చేసుకుని రేవుకు రాగానే తొలి గంప అనూరాధకే అమ్మాలి. ఆమె ఇచ్చిన సొమ్ము ధనరాజు అందరూ చూస్తుండగా కళ్ళకద్దుకోవాలి. గంగులు బావగారు నా పీట మీద కూర్చుని చూడాలి. అలా కాకుండా అంతకుముందు ఒక్క చేప వేరే చేతికి అమ్మినా పడవ, ఇంజను, వలలు అన్నీ అనూరాధవే. దేవేంద్ర దగ్గరుండి చూసుకుంటాడు.

ఆ చేత్తో బోణీ అయితే పడవకు కీడని ధనరాజు జంకుతాడు. వాడికి ఒక్క మాట రాసిపెడుతున్నాను. మీ అయ్య ఆఖరిసారి వేటకు పోయే ముందురోజు అప్పటి పడవకు బోణీ చేసింది గంగులు బావగారే. ఆయన చెయ్యి మంచిదని రేవంతా ఇప్పటికీ అంటుంది. నేను ఇన్నేళ్ళలో ఆయన చేతిని ఒక్క మాట అనలేదు.

చదివించుకుని విన్నాను. నేను చెప్పినట్టే ఉంది. వేలిముద్ర చాలన్నారు గానీ సంతకమే పెడుతున్నాను.

కళింగపట్నం, 12 నవంబరు 2025

(సం.) సూరాడ లక్ష్మణమ్మ

సాక్షులు:
1. గరికిన ఎల్లాజీ, కళింగపట్నం
2. మైలపల్లి ధనలక్ష్మి, కళింగపట్నం